రెండో హ్యాండిల్

నిలబడ్డా అంకె తగ్గుతాంది. చెయ్యి కదపకున్నా, ఊపిరి బిగవట్టినా, ఆట డబ్బా అద్దంల పైమూలకున్న పచ్చ అంకె ఒక్కొక్కటే కిందికి జారుతాంది, ఎనిమిది వందల పది, ఎనిమిది వందల తొమ్మిది, ఎనిమిది, ఏడు. మీదికి ఎవ్వలు రాలేదు, ఎవ్వలు కొట్టలేదు, మరి దేనికి తగ్గుతాందో మొగిలమ్మకు అర్థం కాలేదు. "ఏంది యాకయ్యా, నేనేం చెయ్యకముందే ఇది నా పానం తీస్తాంది" అన్నది. ఆ మిద్దె గదికి, అండ్లున్న రెండు వీడియో గేమ్ డబ్బాలకు యజమాని యాకయ్య. పక్కన స్టూలు మీద కూసోని, "గంతేనక్కా, ఈ ఆటల ఊకె నిలబడ్డోడు సస్తడు. కదలాలె. ఎడమ చేత్తోటి హ్యాండిల్ పట్టు, కుడిచెయ్యి బటన్ల మీద వెట్టు. అటు కాదక్కా, ఎడమ, ఎడమ" అన్నడు. ఎడమ ఏదో తనకెరుక లేదా! నలభై ఐదేండ్ల మనిషికి చెయ్యి చూపిచ్చి చెప్పాల్నా! అయినా వేళ్లు మాట వింటలేవు, చెమటకు హ్యాండిల్ గుండు జారుతాంది, బొమ్మ గోడకు తల బాదుకుంట అక్కడక్కడ్నే తిరుగుతాంది. నెరిసిన గడ్డం, నీలి అంగీ, చేతుల కట్టె. ముసలాయన బొమ్మ. ఇంతల నాలుగు మూలలకెల్లి తెల్లటి దయ్యాలు గుంపులు గుంపులుగ వచ్చి మీదవడ్డయ్. అంకె వందలు వందలుగ కూలింది. ముసలాయన మోకాళ్ల మీదికి ఒరిగి, మసకై, మాయమైండు. "ఇంకోపారి" అన్నది మొగిలమ్మ. యాకయ్య డబ్బా కింది తలుపు తెరిచి లోపల ఏదో నొక్కి మళ్ల మొదలువెట్టిండు. గోడ గడియారం మూడు దాటి పది నిమిషాలు చూపిస్తాంది.

నాలుగింటికి శ్రీనివాస్ వస్తడు. దినాం వస్తడు, ఇయ్యాల ఆఖరు. రేపు పొద్దటి బండికి నాగపూర్ మేనమామ దగ్గరికి తోలుతాండ్లు, మళ్ల ఎన్నడొస్తడో, అసలు వస్తడో రాడో. చౌరస్తాల జంపఖానాల దుకాణం నడిపే పాండురంగం సేటుకు ఒక్కడే కొడుకు శ్రీనివాస్, మొగిలమ్మ కొడుకు సదానందంకు చిన్ననాటి సోపతిగాడు. వాడు సేటు కొడుకు, వీడు ఆ సేటు ఇచ్చిన నూలుతోటి కాశిబుగ్గల జంపఖానాలు నేసే కొమురెల్లి కొడుకు, అయినా బల్లె ఒక్క బెంచి మీద కూసున్నరు, ఒక్క సైకిల్ మీద తిరిగిండ్లు, యాకయ్య బొంబాయికెల్లి ఈ డబ్బాలు తెచ్చినంక ఎండ లేదు వాన లేదు ఇక్కడ్నే పడి ఉన్నరు. పందొమ్మిదేండ్లు నిండకముందే సదానందం పోయిండు. పోయి రెండు నెలలు. మడికొండ దాటినంక హైదరాబాద్ రోడ్డు మీద, ఆగి ఉన్న లారీని స్కూటర్ పోయి గుద్దింది. స్కూటర్ సేటుది. పానం లేకుంట సదానందం ఒక్కడే దొరికిండు. "దుకాణం ముందట వెట్టిన బండి, తాళంచెవి దొంగతనంగ తీసుకొని పోయిండు, నడుపరాక సచ్చిండు. మావోడు ఆ దినం ఇంట్ల జరంతోటి పండుకొని ఉన్నడు" అన్నడు సేటు. అందరు గదే అన్నరు. కాయిదాలల్ల గదే రాసిండ్లు. సావుకొచ్చినోళ్లు సుత పాడె పక్కన నిలబడి గదే గుసగుసలాడుకున్నరు, సేటు బండి ఎత్తుకపోయిండంట అని. ఆ మాట చెవులవడ్డ కాడికెల్లి కొమురెల్లి మళ్ల మగ్గం గుంటల దిగలేదు. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. కొడుకు పోయిన దుఃఖమైతే ఏడ్చేటోడు, ఏడిస్తె కొంత కారిపోయేది. ఇది సిగ్గు. ఇది మనిషిని లోపల్కెల్లి తింటాంది. "దొంగ తండ్రినే మొగిలీ" అని ఒక్కపారి అన్నడు, అటెంక ఆ మాట సుత బందయింది. నాలుగు దినాల సంది గంజి ముట్టుత లేడు. గిన్నె పెదవులకు ఆనిస్తె పండ్లు బిగవడ్తాండు. ఇయ్యాల పొద్దున తడిగుడ్డతోటి పెయ్యి తుడుస్తాంటె పక్కటెముకలు ఒక్కొక్కటే చేతికి తగిలినయ్.

"మూడు బటన్లక్కా" అంటాండు యాకయ్య. "ఇది నిప్పు ఇడిసేది. ఇది పక్కకు ఎగిరేది. గీ పెద్దది ఊకె నొక్కకు, నీలి సీస దొరికినప్పుడే నొక్కాలె, నొక్కితే అద్దంల ఉన్నయన్ని ఒక్కసారె కాలిపోతయ్." నిప్పు, ఎగురుడు, సీస. నిప్పు, ఎగురుడు, సీస. మగ్గం మీద తొందరపడితే పోగు తెగుతది, ఇరవై ఏడేండ్లు ఆ నెమ్మదితోటే బతికిన చేతులివి, ఇప్పుడు తొందరపడకుంటే పానం పోతదంటే ఎట్ల వింటయ్? ఎగరాల్సిన కాడ నిప్పు నొక్కింది, నిప్పు నొక్కాల్సిన కాడ రెండు నొక్కింది. దయ్యాన్ని కొడితే దయ్యం పోయింది, దాని ఎనుక ఇంకోటి, దాని ఎనుక ఇంకోటి, ఇండ్ల నుంచి ఊరేగింపు వచ్చినట్టు వస్తనే ఉన్నయ్. ముసలాయన సచ్చిండు. మళ్ల సచ్చిండు. సచ్చినప్పుడల్ల డబ్బాల నుంచి ఒక తీరు సప్పుడు, కంచం కిందవడి గింగిరాలు తిరిగినట్టు. మొగిలమ్మ పండ్లు కొరుక్కున్నది. ఎందుకొచ్చిన బాధ ఇది, ఈ వయసుల, ఈ ఎండల, నల్లగుడ్డలు కట్టిన కిటికీల నడుమ, పోరగాండ్లు ఆడే ఆట! బజాట్ల ఎవలన్న చూస్తే నవ్వరా, కొడుకు పోయి రెండు నెలలైతలేదు వీడియో ఆటలాడుతాంది అనరా. అంటే అననియ్యి.

ఆమె ఏమేం చెయ్యలేదు. సదానందంకు స్కూటర్ నడుపరాదు, అది తల్లికి తెల్వదా? సైకిల్ తప్ప వాడెన్నడు ఏ బండి హ్యాండిల్ పట్టలేదు. పదకొండో దినం బజాట్ల శ్రీనివాస్ కనవడ్డడు, మండే ఎండల నిండు చేతుల అంగీ తొడుక్కొని, ఎడమ మణికట్టు కాడ గుండీ ఊడితే కింద ఎర్రగ చెక్కుకపోయిన తోలు. "సీనూ" అని పిలిచింది. వాడు చూసిండు. ఆ చూపు ఆమె జన్మల మరువది, ఎలుక బోనులకెల్లి చూసినట్టు చూసి, సందుల వడి మాయమైండు. వాళ్లింటికి పోతే గేటు తియ్యలేదు. దుకాణం మెట్ల మీద కూసుంటే సేటు బయటికొచ్చి, "లే మొగిలమ్మా, ఇంకోపారి ఇట్లొస్తే మీ ఇంటికి నూలు రాదు" అన్నడు, కేక వెయ్యకుంట, గిరాకుల దిక్కు చూసి నవ్వుకుంట అన్నడు. గుడి కాడ ఎదురైతే మళ్ల ఉరికిండు పోరడు. రెండుపార్లు ఉరికిండు. నిన్న యాకయ్యే చెప్పిండు, తలకాయ వంచుకొని చెప్పిండు: "వాడు ఎవ్వలితోటి మాట్లాడుత లేడక్కా, వాళ్లవ్వతోటి సుత మాట్లాడుత లేడంట. ఇక్కడికొచ్చి ఎర్రంగీ కత్తోని బొమ్మ తీస్కొని ఒక్కడే ఆడుతడు. ఎదురుంగ చూసినోళ్లను చూసి ఉరుకుతడు. కానీ రెండో హ్యాండిల్ కాడ ఎవడన్న నిలబడితే మాత్రం నోరు తెరుస్తడు, కండ్లు అద్దం మీద ఉంటయి గద. ఎనుకకు జరుగు అంటడు, తాళం తీస్కో అంటడు. గా రెండు మాటలే. పక్కోడికి ఆట రాదని తెలిసిందా, నిమిషంల ఇడిసిపెట్టి పోతడు." ఆమె ఆలోచించలేదు. "నాకు నేర్పు" అన్నది. యాకయ్య ఆమె మొఖం దిక్కు చూసి, రేపు మూడింటికి రా అక్కా, ఎండకు ఎవ్వలుండరు అన్నడు.

మూడు దాటి ఇరవై ఐదు. "కుప్పను కొట్టక్కా, దయ్యాన్ని కాదు" అన్నడు యాకయ్య, అనంగనె ఆమె చెయ్యి ఆగిపోయింది, ఎందుకంటే ఆ మాట ఇదివరకే విన్నది. యాడ? ఇంట్లనే. తను రాట్నం ముందట కూసోని కండెలు చుడ్తాంటె వాడు గడపల కూసోని మామిడికాయ కారం తినుకుంట చెప్పుకపోతాండు, "మూలకు ఎముకల కుప్ప ఉంటదవ్వా, దయ్యాలన్ని అండ్లకెల్లే పుడ్తయ్, తెలివి లేనోడు దయ్యాలను కొడ్తడు, నేనైతే సీదా పోయి కుప్పను కొడ్త, అవ్వా ఇంటానవా?" ఊఁ అన్నది తను. ఊఁ. తెగిన పోగు ముడేసుకుంట, పొయ్యి మీద పప్పు ఎసరు సప్పుడు వినుకుంట, ఊఁ. ఇంకా ఏమో చెప్పిండు, మస్తు చెప్పిండు, సీను ముందట ఉరుకుతడు నేను ఎనుక నుంచి కాస్త అన్నడు, ముసలోని బొమ్మ ఎందుకు తీస్కున్నవురా అంటే దూరం నుంచి కొట్టొచ్చవ్వా అన్నడో ఇంకేమన్నడో, అడిగిందో అడుగలేదో, అడిగి ఉంటే బాగుండు అని ఇప్పుడు అనుకుంటాందో. మాటలు మొత్తం ఆ గడపల్నే ఉండిపోయినయ్, తన దాక వచ్చింది ఒక్క కుప్ప ముచ్చటే. సీదా పోయింది. దయ్యాల నడుమకెల్లి, అంకె కూలుతున్నా చూడకుంట, మూలకు పోయి కుప్ప మీద నిప్పు మీద నిప్పు ఇడిసింది. కుప్ప పగిలింది. దయ్యాలు ఆగిపోయినయ్. గది నిశ్శబ్దమైంది, గోడ పక్కన రొట్టె మెరుస్తాంది, ముట్టుకుంటే అంకె పెరిగింది, ముసలాయన చేతుల కట్టె ఒక వేలంత పొడుగైంది. "బలం వచ్చిందక్కా, ఇప్పుడు నిప్పు దూరం పోతది" అన్నడు యాకయ్య. మొగిలమ్మకు కండ్ల నీళ్లొచ్చినయ్, అద్దం అలుక్కపోయింది, తుడుసుకుంటె దయ్యం కొడ్తది, తుడుసుకోకుంటె తోవ కనవడది. తుడుసుకోలేదు. తాళంచెవి దొరికింది, తలుపు తెరుచుకున్నది, రెండో గది, మూడో గది. ఇంకొక గది దాటగలిగితే చాలు, శ్రీనివాస్ ఇడిసిపెట్టి పోడు.

కరెంటు పోయింది.

అద్దం నడుమ తెల్లటి చుక్కై, చుక్క ఆరిపోయింది. ఫ్యాను గుర్రుగుర్రుమని నిలబడ్డది. చీకట్ల యాకయ్య ఏదో తిట్టుకుంట కిటికీ గుడ్డ పక్కకు జరిపితే తెల్లటి ఎండ కత్తి లెక్క లోపలికి పడ్డది. "వస్తదక్కా, పది నిమిషాలల్ల వస్తది" అన్నడు, వస్తదో రాదో వానికీ తెల్వది. మూడు ముప్పై ఐదు. చేతులు హ్యాండిల్ మీద్నే ఉంచుకున్నది మొగిలమ్మ. కింద సైకిల్ షాపుల ఎవలో ట్యూబుకు గాలి కొడ్తాండ్లు, స్టేషన్ దిక్కు రైలు కూత, రేపు పొద్దున గసొంటి బండే వాణ్ణి తీస్కపోతది. ఆ దినం సుత గింతే ఎండ. పక్కింటి రాజక్క ఉరుక్కుంట వచ్చింది, జల్ది నడువు దవాఖానకు అన్నది, దేనికో చెప్పలేదు, రిక్షాల పోతాంటె పొయ్యి మీద అన్నం మాడుతదేమో అని రంది వడ్డది తను, అన్నం! కొడుకు అక్కడ తెల్లగుడ్డ కింద ఉన్నడు, తను అన్నం గురించి రంది వడుకుంట కొత్తవాడ మలుపు దాటింది. ఆ రందిని తను ఇప్పటిదాక ఎవ్వలికి చెప్పలేదు. ఎవ్వలికి చెప్పుతది? గోడ దిక్కు తిరిగిన మనిషికా? ఆయినకు ఏం చెప్పినా ఒక్కటే చెవులవడాలె, నీ కొడుకు దొంగ కాదు. అది తను చెప్పితే నమ్ముతలేడు, తల్లివి నువ్వట్లనే అంటవ్ అన్నడు. అది వాడే చెప్పాలె, ఆ సేటు కొడుకే, వాని నోటితోటే. వాని మెడ పట్టుకొని అయినా, కాళ్లు పట్టుకొని అయినా. వాడు ఒక్క మాట చెప్పితే ఈ మనిషి గంజి తాగుతడు. చెప్పకుంట రైలెక్కితే... ఆయిన ఎన్ని దినాలుంటడు? ఐదు? ఆరు? ఒక్కదాన్నే ఆ ఇంట్ల, మగ్గం సప్పుడు లేని ఇంట్ల.

ఫ్యాను కదిలింది. మూడు యాభై. ముసలాయన మళ్ల మొదటి గదిల నిలబడి ఉన్నడు, కట్టె మళ్ల పొట్టిగైంది, గెలిసిందంత పోయింది. "మొదటికెల్లి ఆడాలెనా?" "మొదటికెల్లే అక్కా." ఏడ్చే తీరిక లేదు. యాకయ్య ఈసారి ఇద్దరాటకు వెట్టిండు, ముసలాయన పక్కన ఎర్రంగీ కత్తోడు వచ్చి నిలబడ్డడు, వాని అంకె వానికి తగ్గుతాంది. "ఇద్దరు ఒక్క అద్దంల ఉండాలె, ఒకడు ఎనుకవడితే ఇద్దరూ ఆగుతరు" అని చెప్పి, గడియారం దిక్కు చూసి, యాకయ్య లేచి మూలకు పోయిండు. పోయి దగ్గిండు. దగ్గు రాని దగ్గు. ఆమెకు అర్థమైంది. గడప కాడ మనిషి నీడ అద్దం అంచుల కనవడ్డది, సన్నగ, పొడుగ్గ, కదలకుంట. కొబ్బరినూనె వాసన. తిరిగి చూస్తె ఉరుకుతడు. తిరుగకు. తిరుగకు. ముసలాయనను కత్తోని ముందట అడ్డం వెట్టింది, నిప్పు ఇడిసింది, ఎగిరింది, నిప్పు ఇడిసింది.

"ఎర్రంగీ ఆయిన ఊకె నిలబడ్డడు బిడ్డా" అన్నది అద్దం దిక్కు చూస్కుంటనే. "నేనొక్కదాన్ని ఎంతసేపు కాస్త?"

కత్తోని అంకె ఆరువందలకు దిగింది, ఐదువందల తొంభై. అటెంక నేల మీది సిమెంటు మీద ఒక అడుగు, ఇంకో అడుగు, కండ్ల కొసకు నిండు చేతుల అంగీ, మొదటి హ్యాండిల్ మీదికి ఒక చెయ్యి. కత్తోడు కదిలిండు. కదిలినంక చూడాలె, గాలి లెక్క పోయిండు. వాని ఎనుక ముసలాయన. ఎడమకు, అన్నడు శ్రీనివాస్, రెండు నెలల బూజు పట్టిన గొంతుతోటి. పోయింది. కుప్ప, అన్నడు. అప్పటికే కొడ్తాంది. కుప్ప పగిలితే వాడు ఒక్క క్షణం ఆగిండు, రెండు బొమ్మలు పక్కపక్కన నిలబడ్డయ్, వాడు ఏం చూసిండో ఏమో. రొట్టె మెరిసింది. "నువ్వు తీస్కో చిన్నమ్మా, నీ అంకె తక్కువున్నది" అన్నడు. చిన్నమ్మా అన్నడు. రెండో గది. మూడో గది. ఇంతకుముందు చూడని నాలుగో గది, సన్నటి తోవలు, ఎటు చూసినా కుప్పలు.

"సీనూ. ఆ దినం బండి ఎవలు నడిపిండ్లు?"

కత్తి ఆగలేదు. "తాళం తీస్కో" అన్నడు. తీస్కున్నది. తలుపు తెరుచుకున్నది.

"ఎవలు నడిపిండ్లు బిడ్డా? సదానందం నాయిన సస్తాండు. నాలుగు దినాల సంది మెతుకు లేదు."

"నేనే."

డబ్బా సప్పుడుల ఆ మాట మునిగిపోయిందేమో అనుకున్నది. వాడే మళ్ల అన్నడు. "నేనే చిన్నమ్మా. నేనే రమ్మన్న. వాడు వద్దన్నడు, నెమ్మదిగ పో అన్నడు. నేను ఇనలే." ఇగ గిది చాలు. ఇదే గద తనకు కావల్సింది, ఇది పట్టుకొని ఇంటికి ఉరకాలె, కానీ వాడు ఆగలేదు, తెరుచుకున్న నోరు మూసుకుంట లేదు, కండ్లు అద్దం మీద్నే, వేళ్లు ఆడుతనే ఉన్నయ్. "నేను పక్కకు చేన్ల వడ్డ. వాడు లారీ కింద. నేను లేచి చూసిన. వాడు బతికే ఉండె చిన్నమ్మా. సీనూ అని పిలిచిండు. నీళ్లు అన్నడు. పక్కనే బాయి మోటరు నడుస్తాంది, నీళ్ల సప్పుడు ఇనవడ్తాంది. నాకు... నెత్తురు చూసి... నేను ఉరికిన. చేన్ల వడి ఉరికిన. వాడు పిలుస్తనే ఉండె."

దవాఖానల వాని పెదవులు. ఎండి, మట్టి అంటి, పగుళ్లు వారిన పెదవులు, కొంగు తడిపి తుడిచింది తను. అక్కడికక్కడే పోయిండన్నరు, ఏం తెల్వకుంట పోయిండన్నరు, దెబ్బ తాకంగనే. ఆ ఒక్క మాట మీద రెండు నెలలు నిలబడ్డది. ఎంతసేపు పిలిచినవ్ కొడుకా? బాయి మోటరు సప్పుడు నీకు సుత ఇనవడ్డదా? ముసలాయన గోడకు నిప్పు ఇడుస్తాండు, ఆమె వేలు బటన్ మీద బిగుసుకపోయింది. కత్తోడు నిలబడ్డడు. శ్రీనివాస్ రెండు చేతులు మొఖానికి అడ్డం వెట్టుకున్నడు, నిండు చేతుల అంగీ మోచేతుల దాక జారింది, చెక్కుకపోయిన తోలు గులాబి రంగుల మానింది. మెడ అక్కడ్నే ఉన్నది. సన్నటి మెడ, అందేటంత దూరంల. చెయ్యి హ్యాండిల్ మీదికెల్లి లేచింది కూడ. అద్దంల ఇద్దరు మోకాళ్ల మీదికి ఒరిగిండ్లు. పెద్ద అక్షరాలు వచ్చినయ్, వాటి కింద పది, తొమ్మిది, ఎనిమిది. అంకె సున్న అయ్యేదాక ఆమె చూసింది. లేచిన చెయ్యి కొంగు అందుకొని మొఖం తుడుసుకున్నది.

"చెప్పులేస్కో" అన్నది. "మా ఇంటికి పోదాం. నువ్వే నడిపినవని, వాడు తాళం ముట్టలేదని ఆయినకు చెప్పు."

వాడు తలూపిండు. "మా నాయిన..."

"మీ నాయినతోటి నేను మాట్లాడ్త."

మెట్ల నడుమ ఆగింది. ఎనుక వాడూ ఆగిండు. "నీళ్ల ముచ్చట మాత్రం చెప్పకు" అన్నది గోడకు చెప్పినట్టు. "ఇక్కడ చెప్పినవ్. ఇగ ఎవ్వలికీ చెప్పకు."

కాశిబుగ్గ దాక నడిసే పోయిండ్లు, ఆమె ముందట, వాడు ఎనుక. మంచం కాడ శ్రీనివాస్ నేల మీద కూలవడి, కొమురెల్లి కాళ్లు పట్టుకొని చెప్పిండు. మొదలు ఏడుస్తాంటె మాట తెలువలే, మళ్లోపారి చెప్పిండు. గోడ దిక్కు ఉన్న మనిషి చానసేపటికి ఇటు తిరిగిండు. తిరిగి, పోరని నెత్తి దిక్కు చూసిండు, ఎవలో కొత్త మనిషిని చూసినట్టు. "అయితే మావోడు దొంగతనం చెయ్యలే" అన్నడు. చెయ్యలే, అన్నడు శ్రీనివాస్. కొమురెల్లి మోచేతి మీద లేవవోయి లేవలేక మళ్ల ఒరిగిండు.

"ఆఖరుకు ఏమన్న అన్నడా బిడ్డా వాడు?"

శ్రీనివాస్ నోరు తెరిచి మొగిలమ్మ దిక్కు చూసిండు.

"ఏం అనలేదయ్యా" అన్నది మొగిలమ్మ. "దెబ్బ తాకంగనే పోయిండంట. వానికేం తెల్వదంట."

కొమురెల్లి కండ్లు మూసుకున్నడు. రెప్పల కిందికెల్లి నీళ్లు చెవులల్లకు కారినయ్. జరసేపటికి, గంజి ఉంటె పొయ్యి అన్నడు. ఆమె లోపలికి పోయింది. పొయ్యి ముందట కూసున్నది, గంజి కుండ మూత తీసింది, కొంగు మొత్తం నోట్లె కుక్కుకొని, సప్పుడు బయటికి పోకుంట, గంజి పోయకముందు ఒక్క నిమిషం అట్లనే కూసున్నది.